పరుగు మితిమీరుతోందని పసిగట్టడం ఎలా

వారానికి ఇన్ని కిలోమీటర్లు దాటితే ముప్పు అని అందరికీ వర్తించే గీత ఏదీ లేదు. ఏళ్ల తరబడి పరుగెత్తేవాళ్లకు వారానికి 60 కిలోమీటర్లు హాయిగా సరిపోతాయి. నిన్నటిదాకా హైదరాబాద్ కేబీఆర్ పార్కు చుట్టూ నడిచి, ఇప్పుడిప్పుడే పరుగు అందుకున్నవాళ్లకు 20 కూడా ఎక్కువే కావచ్చు. ఆరోగ్యం కోసమే అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి 75 నుంచి 150 నిమిషాల గట్టి వ్యాయామం. రోజు విడిచి రోజు అరగంట పరుగెత్తితే చాలు.

చాలామందిని దెబ్బతీసేది దూరం కాదు, దాన్ని పెంచే తొందర. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే దారికొస్తాయి. ఎముకలకూ, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్లకూ నెలలు కావాలి. ఆయాసం తగ్గింది కదా అని దూరం పెంచితే ఊపిరి తట్టుకుంటుంది, ఎముక తట్టుకోదు. అందుకే ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ (దాదాపు 21 కిలోమీటర్లు) అయినా సరే, కొత్తవాళ్లు ఏప్రిల్‌లోపే మొదలుపెట్టాలి. ఈ వారం 20 కిలోమీటర్లయితే వచ్చే వారం 22. మూడు వారాలు పెంచాక నాలుగో వారం మూడోవంతు తగ్గించండి. పక్కవాళ్లతో మాట్లాడగలిగే వేగంలోనే ఎక్కువ రోజులు పరుగెత్తండి.

పొద్దున మెలకువ రాగానే, మంచం దిగకముందే, మణికట్టు దగ్గర నాడి నిమిషంపాటు లెక్కపెట్టి రాసుకోండి. వారం రాస్తే మీ మామూలు అంకె తెలుస్తుంది. వరసగా రెండు మూడు రోజులు దానికంటే ఎనిమిది, పది ఎక్కువ కొట్టుకుంటే ఒళ్లు కోలుకోలేదన్నమాట. జ్వరం వచ్చేముందూ, నిద్ర చాలకపోయినా ఇలాగే పెరుగుతుంది. కారణం ఏదైనా ఆ రోజు పరుగు వద్దు.

ముంగాలు నొప్పిని తేలిగ్గా తీసుకోవద్దు. కూర్చుని, చీలమండ నుంచి మోకాలి కిందిదాకా ఎముక లోపలి అంచు వెంట బొటనవేలితో నొక్కుతూ వెళ్లండి. జానెడు మేర సలుపుతుంటే దూరం సగానికి తగ్గించి రెండు వారాలు చూడండి. నొప్పి రూపాయి బిళ్లంత చోటే ఉండి, ఒంటికాలిపై గెంతితే కలుక్కుమంటే ఎముకలో సన్నని చీలిక ఉందేమో అనుమానించాలి. పరుగు అక్కడే ఆపేయండి. తొలి రెండు మూడు వారాల్లో ఆ చీలిక ఎక్స్‌రేలో చాలాసార్లు కనబడదు, ఎంఆర్ఐలో కనబడుతుంది. ఎక్స్‌రే బాగుందని మళ్లీ రోడ్డెక్కితే చీలిక పెరిగి ఎముక పూర్తిగా విరగవచ్చు.

మన ఊళ్లో ఎత్తుపల్లాలు ఎక్కువ. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఆయాసమే, మోకాళ్ల మీద భారం పడేది దిగేటప్పుడు. దిగుడులో అంగలు చిన్నవి చేయండి. అయినా సరదాగా పరుగెత్తేవాళ్లకు, కదలకుండా కూర్చునేవాళ్లకంటే మోకాళ్లు ఎక్కువగా అరుగుతాయనేది అపోహే.

ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఆరున్నరకల్లా ముగించాలి. పరుగుకు ముందూ తర్వాతా బరువు చూసుకోండి. కిలో తగ్గితే దాదాపు లీటరు నీరు పోయినట్టు. బరువు పెరిగితే అవసరానికి మించి తాగారు, రక్తంలో సోడియం పడిపోయే ప్రమాదం ఉంది. పెద్ద ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను లీటరు నీళ్లలోనే కలపాలి. పరుగుకు ముందు నొప్పి మాత్ర వేసుకోవద్దు, చెమట పోతున్నప్పుడు అది కిడ్నీలకు చేటు. మూత్రం కోలా రంగులో వస్తే కండరం కరిగి రక్తంలో కలుస్తుండవచ్చు. తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

దశాబ్దాలపాటు భారీగా సాధన చేసేవాళ్లలో గుండె లయ తప్పే అవకాశం కొంత పెరుగుతుంది. నాడి అడ్డదిడ్డంగా కొట్టుకున్నా, పరుగులో ఛాతీ పట్టేసినా, కళ్లు తిరిగి పడిపోయినా డాక్టరు చూసేదాకా పరుగు వద్దు. ఆడవాళ్లకు మూడు నెలలు నెలసరి రాకపోతే, గర్భం కాదని తేలాక, తిండి పరుగుకు చాలడం లేదేమో చూడాలి. అది ఎముకలను గుల్ల చేస్తుంది. దూరం తగ్గించి, అన్నం, పప్పు, గుడ్లు, పెరుగు పెంచి, గైనకాలజిస్టును కలవండి.