రోహిణి కార్తెను తట్టుకునే మదర్‌బోర్డును ఎంచుకోవడం ఎలా?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఇక బెజవాడలో ఏసీ లేని గదిలో ఉన్న పీసీ సంగతి చెప్పాలా? అందుకే మదర్‌బోర్డు కొనేటప్పుడు రంగుల లైట్లు ఎన్ని ఉన్నాయో నేను చివర్లో చూస్తాను. ధర అడగకముందే బోర్డు ఫోటోను ఫోన్‌లో పెద్దది చేసి చూడటం నా అలవాటు.

ముందుగా ప్రాసెసర్ సాకెట్ చుట్టూ చూడండి. ఎడమ పక్కన, పైన వరసగా చిన్న చిన్న దిమ్మల్లా కనిపించేవి చోక్‌లు. వాటిని ఆనుకుని మాస్‌ఫెట్‌లు అనే చిన్న నల్లటి చిప్పులు ఉంటాయి. వీటన్నిటినీ కలిపి వీఆర్‌ఎమ్ అంటారు. పవర్ సప్లై నుంచి వచ్చే 12 వోల్టులను ప్రాసెసర్‌కు కావలసిన ఒకటి, ఒకటిన్నర వోల్టులకు దించేది ఇదే. ఆ పనిలో బాగా వేడెక్కుతుంది. మరీ కాలితే ప్రాసెసర్ స్పీడు పడిపోతుంది.

కాబట్టి మాస్‌ఫెట్‌ల మీద హీట్‌సింక్ (వేడిని లాగి బయటికి వదిలే లోహపు దిమ్మ) ఉందా, రెండు వైపులా ఉందా, స్క్రూలతో బిగించారా చూసుకోండి. చవక బోర్డుల్లో ఒక వైపే ఉంటుంది, కొన్నింటిలో అసలు ఉండదు. రెక్కలున్న బరువైన అల్యూమినియం దిమ్మ మేలు. పైన కప్పిన నున్నటి ప్లాస్టిక్ అందానికే.

రివ్యూలో వీఆర్‌ఎమ్ 85 డిగ్రీలు అని ఉంటే, వాళ్ల గది వేడి ఎంతో కూడా చదవండి. అక్కడ 25 ఉండి మన గదిలో 40 ఉంటే, ఆ 15 డిగ్రీలూ కలుపుకోవాల్సిందే. అంటే దాదాపు 100 అన్నమాట.

తర్వాత లేఅవుట్. ఇప్పటి గ్రాఫిక్స్ కార్డులు రెండు స్లాట్లకు మించిన మందంతో వస్తున్నాయి. కార్డు పెడితే కింద ఏ స్లాటు, ఏ సాటా పోర్టు (హార్డ్ డిస్కు కేబుల్ తగిలించే చోటు) మూసుకుపోతాయో లెక్కేయండి. సాటా పోర్టులు బోర్డు అంచున పక్కకు తిరిగి ఉంటే ఆ గొడవ తక్కువ.

ఎం.2 స్లాట్ల (పల్చటి ఎస్‌ఎస్‌డీ స్టోరేజీని నేరుగా బోర్డులో గుచ్చే చోట్లు) విషయంలో మాన్యువల్ తప్పక చదవండి. కొన్ని బోర్డుల్లో ఒక ఎం.2 స్లాటు వాడితే ఏదో ఒక సాటా పోర్టు పనిచేయదు. ఇంకో మాట: ఎం.2 హీట్‌సింక్ కింద మెత్తటి ప్యాడ్ మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. దాన్ని పీకకుండా బిగించేసి, ఎస్‌ఎస్‌డీ ఎందుకింత కాలుతోందా అని నేను వారం రోజులు తల పట్టుకున్నాను.

ఫ్యాన్ హెడర్లు, అంటే బోర్డు మీద ఫ్యాన్ల వైర్లు తగిలించే చోట్లు, కనీసం నాలుగు ఉండాలి, అన్నీ నాలుగు పిన్నులవైతే మంచిది. చాలా బోర్డుల్లో ఒక్కో హెడర్ 1 ఆంపియర్ వరకే ఇస్తుంది. స్ప్లిటర్ పెట్టి ఒకదానికే అరడజను ఫ్యాన్లు తగిలించకండి.

డబ్బు కట్టే ముందు మొహమాటపడకుండా "ఒకసారి బాక్స్ ఓపెన్ చేసి చూపించండి" అని అడగండి. సాకెట్ మీది మూత తీయించి, ఫోన్ టార్చి ఏటవాలుగా వేసి చూడండి. సాకెట్‌లో పిన్నులుండే బోర్డైతే, అవన్నీ ఒకే తీరున మెరవాలి. ఎక్కడైనా ఒక చుక్క తేడాగా కనిపిస్తే అక్కడ పిన్ను వంగినట్టే. వేలు మాత్రం పెట్టొద్దు. వంగిన పిన్నుకు సాధారణంగా వారంటీ వర్తించదు.

ఇంటికి తెచ్చి బిగించాక, మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ఏసీ ఆపేసి, ప్రాసెసర్ మీద పూర్తి లోడుతో 20 నిమిషాలు నడపండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో వీఆర్‌ఎమ్ వేడి చూడండి. 90 లోపు ఉంటే నాకు టెన్షన్ లేదు. 100 దాటుతుంటే మాత్రం కేసు వెనక, పైన ఇంకో ఫ్యాన్ పెట్టి మళ్లీ చూడండి. అప్పటికీ దిగకపోతే, రిటర్న్ గడువు దాటకముందే బోర్డు మార్చేయండి.