చలిలోనూ గడ్డిని పులిపించే బాక్టీరియాను ఎంచుకోవడం

ఏప్రిల్‌లో విశాఖలోని మా ల్యాబ్ గది 32 డిగ్రీలుంటుంది. ఆ వేడిలో అన్నిటికన్నా చురుగ్గా పులిపించిన లాక్టిక్ బాక్టీరియాను, డిసెంబరులో చలి ఎక్కువగా ఉండే లంబసింగి దగ్గర మా మామయ్య సైలేజ్ కోసం, అంటే గాలి తగలకుండా పులియబెట్టి నిలవ చేసే పశువుల మేత కోసం, కట్టిన నేపియర్ గడ్డి సంచుల్లో కలిపించాను. నెల తర్వాత విప్పితే కుళ్లు వాసన. ఆవులు మూతి కూడా పెట్టలేదు. అప్పటినుంచి మొదటి రోజునుంచే చలిలోనే ఎంచుతున్నాను.

నమూనా కోసం చలికాలంలో తెల్లవారుజామున కోసిన గడ్డి, బాగా మాగిన పాత సైలేజ్ రెండూ తెచ్చుకోండి. స్టెరైల్ సెలైన్‌లో (సూక్ష్మజీవులు లేకుండా చేసిన ఉప్పునీటిలో) పలచన చేసి, కాల్షియం కార్బొనేట్ కలిపిన ఎం.ఆర్.ఎస్. అగార్ (లాక్టిక్ బాక్టీరియాను పెంచే గట్టి పోషక పదార్థం) మీద పరిచి, గాలి తగలకుండా 10 డిగ్రీల దగ్గర పెట్టండి. వారం, పది రోజులు పడుతుంది. 30 డిగ్రీలైతే రెండు రోజుల్లో వచ్చేస్తాయి కదా అనిపిస్తుంది, ఆ తొందర వద్దు. మన ఊళ్లో కరెంటు పోతే బి.ఒ.డి. ఇంక్యుబేటర్ (చల్లగా కూడా ఉంచగలిగే ల్యాబ్ పెట్టె) లోపల కూడా వేడెక్కిపోతుంది, కాబట్టి థర్మామీటర్ ఒకటి లోపలే ఉంచి రోజూ రాసుకోండి.

చుట్టూ తేటగా వలయం కట్టిన కాలనీలు ఆమ్లం చేస్తున్నట్టు. వాటిలో గ్రామ్ పాజిటివ్ (గ్రామ్ రంగు పరీక్షలో ఊదాగా కనిపించేవి), కాటలేజ్ నెగటివ్ (హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తే నురగ రానివి) అయినవి ఉంచుకోండి, లాక్టిక్ బాక్టీరియా గుర్తులు అవే.

అసలు పరీక్ష ఇక్కడినుంచే. ఒక్కొక్కదాన్ని 5, 10, 15 డిగ్రీల్లో పెంచి పి.హెచ్. (పులుపు కొలత, ఎంత దిగితే అంత పులుపు) ఎంత తొందరగా దిగుతుందో చూడండి. చలిలో పెరగడం వేరు, చలిలో ఆమ్లం చేయడం వేరు. ల్యూకోనోస్టాక్ జాతి చలిలో బాగానే మొదలవుతుంది, కానీ చక్కెరలో కొంత గ్యాస్‌గా పోతుంది, పులుపు పెరిగితే వెనకబడుతుంది. డర్హమ్ ట్యూబులో (గ్యాస్ పట్టడానికి ద్రవంలో తలకిందులుగా పెట్టే చిన్న గొట్టంలో) బుడగ కడితే నేను పక్కన పెట్టేస్తాను. లాటిలాక్టోబాసిల్లస్ కర్వేటస్, సాకీ లాంటివి 4 డిగ్రీల్లో కూడా పెరుగుతాయి. అవి దొరికితే ముందు వాటినే చూడండి.

మిగిలిన రెండు మూడింటిని గడ్డి మీదే తేల్చాలి. వాడ్చిన గడ్డిని సెంటీమీటరు, రెండు సెంటీమీటర్ల ముక్కలు చేసి, గ్రాముకు 10 లక్షల కణాలు పడేలా కలిపి, గాలి తీసేసిన సంచుల్లో 10 డిగ్రీల దగ్గర ఉంచండి. కల్చర్ (మనం పెంచి కలిపే బాక్టీరియా) లేని సంచులు పోల్చడానికి తప్పకుండా పక్కన ఉండాలి. బెల్లం కలిపితే అన్నిటికీ సమానంగా కలపండి. 3, 7, 15, 30 రోజులకు ఒక్కొక్కటి విప్పండి. పి.హెచ్. తొందరగా 4.2 కి దిగి అక్కడే నిలబడినదాన్ని తీసుకుంటాను.

పొలంలో కల్చర్ కలిపే నీళ్లు కుళాయివైతే ముందురోజు రాత్రే బిందెలో పట్టి మూత లేకుండా ఉంచండి, క్లోరిన్ పోవాలి.