కరెంటు రాగానే ఎం4 తనంతట తానే లేవాలంటే

కాశీనగర్ దగ్గర వంశధార ఒడ్డున మా బావ మోటారు షెడ్డులో ఎస్‌టీఎం32ఎంపీ157 బోర్డు పెట్టాను. దాని చిప్‌లో రెండు రకాల ప్రాసెసర్లుంటాయి: పెద్దది ఏ7, చిన్నది ఎం4. లినక్స్ ఏ7 మీద నడుస్తుంది, పంపు ఎంత కరెంటు లాగుతోందో ఎం4 కొలుస్తుంది. అక్కడ గట్టిగా గాలి వీస్తే చాలు, కరెంటు పోతుంది. వచ్చిన ప్రతిసారీ పర్లాకిమిడి నుంచి బండేసుకుని వెళ్లి ఎం4ను లేపడం నా వల్ల కాదు. బావేమో టెర్మినల్ జోలికి రాడు.

లినక్స్ నుంచి ఎం4ను లేపేది, ఆపేది కెర్నెల్‌లోని రిమోట్‌ప్రోక్. దాని డ్రైవర్ మీరే రాస్తుంటే పని చిన్నదే. ఆర్‌ప్రోక్_అలాక్ ఫంక్షన్ పిలవగానే ఆటో_బూట్ (తనంతట తానే లేవాలా వద్దా అనే సెట్టింగ్) ట్రూగానే ఉంటుంది. మార్చాలనుకుంటే ఆర్‌ప్రోక్_యాడ్‌కు ముందే మార్చాలి, ఎందుకంటే ఫర్మ్‌వేర్ (ఎం4 మీద నడిచే ప్రోగ్రామ్ ఫైల్) వెతుకులాట మొదలయ్యేది అందులోనే. చిప్ కంపెనీ ఎస్‌టీ డ్రైవర్ మాత్రం డివైస్ ట్రీ (బోర్డులో ఏమేముందో కెర్నెల్‌కు చెప్పే ఫైల్) చెప్పినట్టు వింటుంది: ఎం4 నోడ్‌లో 'ఎస్‌టీ, ఆటో-బూట్' రాయకపోతే ఆటో_బూట్ ఫాల్స్ అయిపోతుంది. బూట్‌లోడరే ఎం4ను ముందుగా లేపేసి ఉంటే కెర్నెల్ మళ్లీ లోడ్ చేయదు, నడుస్తున్నదానికి అటాచ్ అవుతుంది.

అసలు తిప్పలు ఫైల్‌తోనే. డ్రైవర్‌ను కెర్నెల్‌లోనే బిల్టిన్‌గా పెడితే, రూట్ ఫైల్‌సిస్టమ్ మౌంట్ కాకముందే అది ఫర్మ్‌వేర్ అడగొచ్చు. ఫైల్ లిబ్/ఫర్మ్‌వేర్‌లో భద్రంగానే ఉంటుంది, కానీ ఆ ఫోల్డరే ఇంకా రాలేదు. డీమెసేజ్‌లో (కెర్నెల్ లాగ్) మైనస్ 2, అంటే ఫైల్ దొరకలేదనే ఎర్రర్ పడుతుంది. డ్రైవర్ మాత్రం ఎక్కినట్టే కనిపిస్తుంది, స్టేట్ చూస్తే ఆఫ్‌లైన్. కెర్నెల్ మళ్లీ ప్రయత్నించదు. స్లీప్ పెట్టి స్క్రిప్ట్‌తో స్టార్ట్ కొట్టించేవాళ్లున్నారు, నాకది నచ్చదు. డ్రైవర్‌ను మాడ్యూల్‌గా (కెర్నెల్‌కు విడిగా ఉండే ఫైల్‌గా) కట్టి, రూట్ వచ్చాక లోడ్ చేయించండి. బిల్టిన్ తప్పదంటే ఫర్మ్‌వేర్‌ను ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో (అసలు రూట్ కంటే ముందే మెమరీలోకి వచ్చే చిన్న ఫైల్‌సిస్టమ్) పెట్టండి, లేదా ఎక్స్‌ట్రా_ఫర్మ్‌వేర్ కాన్ఫిగ్‌తో కెర్నెల్‌లోనే కలిపేయండి. ఈ చివరి దారిలో ఫర్మ్‌వేర్ మారిన ప్రతిసారీ కెర్నెల్ కూడా కట్టుకోవాలి, అందుకే నేను మాడ్యూల్‌కే ఓటేస్తాను.

పరీక్షకు రీబూట్ కమాండ్ చాలదు, ప్లగ్ పీకి పెట్టండి. సిస్/క్లాస్/రిమోట్‌ప్రోక్ కింద స్టేట్ ఫైల్ 'రన్నింగ్' అనాలి.

తర్వాత వేరే పేరున్న ఫర్మ్‌వేర్ వేయాలంటే ముందు స్టేట్‌లో 'స్టాప్' రాసి, ఆ తర్వాతే పేరు మార్చండి. ఎం4 నడుస్తుండగా రాస్తే బిజీ అని తిప్పికొడుతుంది. పైగా అలా మార్చిన పేరు ఈ బూట్ వరకే. ప్లగ్ పీకితే డ్రైవర్ మళ్లీ పాత పేరే వెతుకుతుంది.