సైనికాధికారి భార్యకు కుటుంబ పింఛను: దరఖాస్తు విధానం

సైన్యంలో అధికారిగా చేసి రిటైరైన భర్త పోతే, భార్యకు కుటుంబ పింఛను వస్తుంది. ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. పఠాన్‌కోట్, తేజ్‌పూర్ అంటూ బదిలీ అయిన చోటల్లా ఇల్లు సర్దిందీ, ఆయన సరిహద్దులో ఉన్నన్నాళ్లూ పిల్లల్ని ఒంటిచేత్తో చదివించిందీ ఆవిడే. అయితే నెల్లూరు దర్గామిట్టలోనో, ఒంగోలు లాయర్‌పేటలోనో స్థిరపడ్డాక ఆ పింఛను సాఫీగా రావాలంటే, ప్రభుత్వ కాగితాల్లో ఆవిడ పేరు సరిగ్గా ఉండాలి. చాలామందికి పని ఆగేది ఇక్కడే.

పీపీవో (పింఛను చెల్లింపు ఉత్తర్వు) బయటికి తీసి భార్య పేరు, పుట్టిన తేదీ చూడండి. మన వైపు ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత రాస్తాం. సర్వీసు రికార్డులో చాలామంది భార్యల పేరు చివర భర్త పేరో, రెడ్డి, రావు లాంటిదో వచ్చి చేరుతుంది. ఆధార్‌లో ‘కె. లక్ష్మమ్మ’, పీపీవోలో ‘లక్ష్మీ రెడ్డి’ అని ఉంటే కంప్యూటర్ లెక్కలో వాళ్లు ఇద్దరు మనుషులు. పుట్టిన తేదీ మరీ చిక్కు. స్కూల్లో వేయించింది ఒకటి, ఆధార్‌లో అంచనాగా పడిన జనవరి 1 ఇంకొకటి. రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ చేయిస్తే కొన్నిచోట్ల గడుస్తుంది కానీ, దాంతో రికార్డు మారదు. భర్త ఉండగానే ఆయన దరఖాస్తుతో సరిచేయించుకోవడం అన్నిటికన్నా సులువు. ఇంట్లో ఈ మాట ఎత్తడానికి మొహమాటపడతారు. పడకూడదు.

దిద్దుబాటు ఎక్కడికి పంపాలన్నది కూడా తెలుసుకోవాలి. ఆర్మీలో జవాన్లు, జేసీవోల (సుబేదారు లాంటి జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్ల) ఫైళ్లు వాళ్ల రికార్డు ఆఫీసుల్లో ఉంటాయి. అధికారుల సంగతి చూసేది ఢిల్లీలోని ప్రధాన కార్యాలయం. పక్కింటి సుబేదారు గారి భార్య చేసినట్టే చేస్తే కాగితాలు తప్పుడు చోటికి పోతాయి. అనుమానం ఉంటే ముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. నెల్లూరులోనూ ఉంది, ఒంగోలులోనూ ఉంది.

మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. పట్నంలో మున్సిపాలిటీ, పల్లెలో పంచాయతీ. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా పోతుంది. సర్టిఫికెట్ కాపీలు నాలుగు ఎక్కువే తీసుకోండి.

పింఛను రక్షణ శాఖ ఆన్‌లైన్ పింఛను వ్యవస్థ ‘స్పర్శ్’లో ఉంటే ఆ పోర్టల్‌లోనే మరణం సంగతి తెలియజేయాలి. మరణ ధ్రువపత్రం, పీపీవో, భార్య ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, ఫోటో దగ్గర పెట్టుకోండి. ఓటీపీ వచ్చే ఫోను పిల్లల దగ్గర వేరే ఊళ్లో ఉంటే టెన్షన్ తప్పదు కాబట్టి ముందే చూసుకోండి. ఇంట్లో చేతకాకపోతే కామన్ సర్వీస్ సెంటర్‌లో చేయించుకోవచ్చు. భార్యాభర్తలిద్దరి పేరా జాయింట్ ఖాతా ఉంటే కొత్తది తెరవక్కర్లేదు. మరణం తర్వాత పొరపాటున జమైన ఆయన పింఛను మాత్రం వాడుకోవద్దు, వెనక్కి తీసుకుంటారు.

మామూలు కుటుంబ పింఛను చివరి జీతం లెక్కలో 30 శాతం. రిటైరయ్యాక మరణిస్తే మొదట్లో 50 శాతం వస్తుంది. అది ఏడేళ్లు, లేదా ఆయనకు 67 ఏళ్లు నిండాల్సిన తేదీ, ఏది ముందైతే అంతవరకే. లెక్కకొచ్చే జీతం లక్ష అనుకుంటే మొదట 50 వేలు, తర్వాత 30 వేలు, దాని మీద డీఆర్ (ధరల పెరుగుదలకు ఇచ్చే కరువు భృతి). ఆయన కమ్యూట్ చేసుకున్న (ముందే ఒకేసారి మొత్తంగా తీసుకున్న) భాగం ఇందులోంచి తగ్గదు. ఆవిడకు 80 నిండితే 20 శాతం అదనం, 85కి 30, 90కి 40. పుట్టిన తేదీ తప్పుంటే నష్టం ఎంతో ఇక్కడ తెలుస్తుంది.

పింఛను మొదలయ్యాక ఏటా జీవన ప్రమాణ్ (బతికే ఉన్నట్టు డిజిటల్ ధ్రువపత్రం) ఇవ్వాలి, లేకపోతే ఆగిపోతుంది. వేలిముద్రలు అరిగి పడకపోతే ముఖం చూపించి చేసే యాప్ ఉంది. ఆయన ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు అప్పగించి, తన కార్డులో వివరాలు మార్పించుకోవాలి. క్యాంటీన్ కార్డుకు వేరే దరఖాస్తు. అది కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు. బీపీ, షుగర్ మందులు ఈసీహెచ్‌ఎస్ నుంచి తెచ్చుకునేవాళ్లు మాత్రం ముందు ఆ కార్డు పని చూసుకోండి.