‘చెయ్యి చేసుకున్నాడు’ అని రాయకండి

పదేళ్ల కిందటి మాట. అప్పుడు నేను ఎడిషన్ డెస్కులో స్పోర్ట్స్ పేజీ చూసేవాణ్ణి. రాత్రి పదిన్నరకి కంట్రిబ్యూటర్ నుంచి వార్త వచ్చింది. లీగుల్లో ఆడి పేరు తెచ్చుకున్న మా ప్రాంతపు ఆటగాడొకడు భార్యను కొట్టాడు, పోలీసులు కేసు పెట్టారు. ఏ ఆటో, ఏ ఊరో చెప్పను. పేజీ వదలడానికి ఇరవై నిమిషాలే ఉంది. ‘భార్యపై చెయ్యి చేసుకున్న స్టార్’ అని హెడ్డింగ్ కొట్టి, చేతికందిన ఫైల్ ఫొటో పెట్టి పంపేశాను. ఫొటోలో ఆయన కప్పు ఎత్తి నవ్వుతున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం డెస్కుకి ఫోన్ వచ్చింది. చిన్నపిల్ల గొంతు. ‘‘అక్క మాట్లాడలేదండి, దవడకి తీగలు కట్టారు. అందుకని నేను చేస్తున్నాను. చెయ్యి చేసుకోవడం అంటే ఇదేనా అండీ?’’ అంది. కప్పు ఫొటో సంగతి కూడా అడిగింది. నేనేదో గొణిగి పెట్టేశాను. సవరణ వెయ్యలేదు, ఎందుకంటే రాసినదాంట్లో తప్పంటూ ఏమీ లేదు. అదే నాకు చాలా రోజులు గుచ్చుకుంది.

ఇప్పుడు రిటైరయ్యాను. అయినా ఇలాంటి వార్త వచ్చిన రాత్రి పాత కుర్రాళ్లు ఫోన్ చేస్తుంటారు, ‘‘సార్, ఎలా వేద్దాం?’’ అని. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఒకచోట రాస్తున్నాను. యూట్యూబ్ ఛానల్ నడిపేవాళ్లకీ, అభిమాన సంఘం పేజీ చూసుకునేవాళ్లకీ కూడా పనికొస్తుంది.

ముందు క్రియ సంగతి తేల్చండి

కొట్టడాన్ని మెత్తబరిచే మాటలు మన దగ్గర బోలెడు. చెయ్యి చేసుకున్నాడు, దురుసుగా ప్రవర్తించాడు, మాటా మాటా పెరిగింది, క్షణికావేశం, కుటుంబ కలహం. ‘వివాదంలో చిక్కుకున్న’ అనేది వీటన్నిటికీ తాత. దారిలో ఎక్కడో గొయ్యి ఉంటే పాపం ఆయన నడుస్తూ వెళ్లి అందులో పడ్డట్టు ఉంటుంది.

‘కుటుంబ కలహాల నేపథ్యంలో స్టార్ ఆటగాడు భార్యపై చెయ్యి చేసుకున్నట్లు సమాచారం’. ఈ వాక్యం ఎన్నిసార్లు చదివి ఉంటారు? ఎవరి సమాచారం? కలహం ఇద్దరిదీ అని ఎవరు చెప్పారు? దాన్ని ఇలా తిప్పండి: ‘భర్త పిడికిలితో కొట్టడంతో తన దవడ ఎముక విరిగిందని ఫలానా ఆటగాడి భార్య బుధవారం పోలీసులకు ఫిర్యాదు చేశారు. ఆయనపై కేసు నమోదైంది. వివరణ కోసం ఫోన్ చేయగా ఆయన స్పందించలేదు.’ ఎవరు, ఎవరిని, దేనితో, ఎంత దెబ్బ, ఆ మాట ఎవరిది అన్నీ వచ్చేశాయి. ఆయన్ని దోషి అని ఎక్కడా అనలేదు. రెండో వైపు జారేవాళ్లూ ఉన్నారు, ‘కీచకుడు’, ‘మృగం’ అంటూ. తీర్పు రాకముందు ఆ మాటలు మీకు లీగల్ నోటీసు తెస్తాయి, ఆమెకి ఏమీ తేవు.

ఈ మెత్తదనం మన జబ్బే కాదు. అమెరికా ఫుట్‌బాల్ ఆటగాడు రే రైస్ 2014 ఫిబ్రవరిలో అట్లాంటిక్ సిటీలోని ఓ కేసినో లిఫ్టులో తనకు కాబోయే భార్యను కొట్టి పడేశాడు. స్పృహలేని ఆమెను లిఫ్టులోంచి బయటికి లాగుతున్న వీడియో అప్పుడే బయటపడింది. మే నెలలో జట్టు, అంటే బాల్టిమోర్ రేవెన్స్, ట్విటర్‌లో ఏం పెట్టిందో తెలుసా? ఆ రాత్రి తన పాత్రకు ఆమె చింతిస్తున్నారట! దెబ్బ తిన్న మనిషి పాత్రకి! తర్వాత దాన్ని తీసేశారు. జట్టు పంపే ప్రకటనని ఉన్నదున్నట్టు దించెయ్యకూడదని కుర్రాళ్లకి చెప్పేటప్పుడు నేను వాడే ఉదాహరణ ఇదే.

కాగితం చూడకుండా సెక్షన్లు రాయొద్దు

ఎఫ్‌ఐఆర్ కాపీ తెప్పించుకోండి. స్టేషన్లో నోటిమాటగా చెప్పే సెక్షన్లు సగం తప్పు. నేరం 2024 జూలై 1కి ముందు జరిగితే ఐపీసీ, ఆ తర్వాతదైతే భారతీయ న్యాయ సంహిత. గాయపరచడం పాత లెక్కలో 323, ఇప్పుడు 115(2). భర్త, అత్తింటివారి క్రూరత్వం పాత 498ఏ, ఇప్పుడు 85. లైంగిక నేరమైతే బాధితురాలి పేరే కాదు, ఆమెను గుర్తుపట్టే ఏ వివరమూ వెయ్యకూడదు. సంహిత 72వ సెక్షన్ కింద అది మన మీదే కేసు. పేరు దాచి ‘ఫలానా కాలేజీలో ఫైనలియర్, ఫలానా వీధి’ అని రాసిన మహానుభావుల్ని చూశాను.

ఫిర్యాదు, ఎఫ్‌ఐఆర్, అరెస్టు, చార్జిషీట్, అభియోగాల నమోదు, తీర్పు, అప్పీలు. ఇవి ఏడు మెట్లు. ఏ మెట్టు మీదుంటే ఆ మెట్టు పేరే రాయాలి. శ్రీలంక బ్యాటర్ దనుష్క గుణతిలకను 2022 నవంబరులో సిడ్నీలో లైంగిక దాడి ఆరోపణపై అరెస్టు చేశారు. ఆ రోజే దోషిగా రాసేసిన వాళ్లకి 2023 సెప్టెంబరులో అక్కడి కోర్టు నిర్దోషిగా వదిలేసినప్పుడు మాట పెగల్లేదు.

నాలుగు గళ్ల రిజిస్టరు

అసలు పని ఇక్కడుంది. కేసు వచ్చిన రాత్రి అందరూ ఒకటే అడుగుతారు, ‘ఇప్పుడేం అవుతుంది?’ అని. దానికి ఒక్కరి దగ్గర జవాబు ఉండదు. కోర్టు, బోర్డు, జట్టు, ఉద్యోగం. నలుగురివీ నాలుగు దారులు, నాలుగు రూల్స్. మీరు ఒక్క ప్రశ్నగా అడిగితే ముగ్గురు నాలుగోవాడి మీదికి తోసేస్తారు. ‘విషయం కోర్టు పరిధిలో ఉంది’ అనే మాట మన క్రీడా సంఘాలకి రబ్బరు స్టాంపు.

అందుకని నోట్‌బుక్కులో ఒక్కో ఆటగాడికి ఒక పేజీ, పేజీలో నాలుగు గళ్లు. నేను మామూలు పద్దు పుస్తకం వాడేవాణ్ణి. ఎవరిని, ఏ తేదీన, ఏం అడిగాం, ఏమన్నారు అన్నది రాయడం. మళ్లీ ఎప్పుడు అడగాలో పెన్సిల్‌తో పక్కన పెట్టుకోవడం.

గళ్లు ఎలా వేరు వేరుగా నడుస్తాయో ఇంగ్లండ్ క్రికెటర్ బెన్ స్టోక్స్ కేసులో చూడండి. 2017 సెప్టెంబరులో బ్రిస్టల్‌లో ఓ నైట్‌క్లబ్ బయట కొట్లాట, ఒకతని కంటి గూటి ఎముక విరిగింది. స్టోక్స్ ఆ చలికాలం యాషెస్ సిరీస్‌కి దూరమయ్యాడు. 2018 జనవరి మధ్యలో అభియోగం పడింది. అదే నెలాఖరు ఐపీఎల్ వేలంలో రాజస్థాన్ రాయల్స్ 12.5 కోట్లు పెట్టి కొనుక్కుంది. ఫిబ్రవరికల్లా ఇంగ్లండ్ తరఫున న్యూజిలాండ్‌లో ఆడేస్తున్నాడు. ఆత్మరక్షణ కోసమే కొట్టానన్నాడు, ఆగస్టులో జ్యూరీ నిర్దోషి అంది. అక్కడితో ఆగలేదు. ఆటకు చెడ్డపేరు తెచ్చాడని డిసెంబరులో క్రికెట్ క్రమశిక్షణ కమిషన్ ఎనిమిది మ్యాచ్‌ల నిషేధం, 30,000 పౌండ్ల జరిమానా వేసింది. మ్యాచ్‌లు అప్పటికే పోయినవాటితో సరిపెట్టారనుకోండి. కోర్టు వదిలినా బోర్డు అడగొచ్చని ఇందులో తెలుస్తుంది. వేలంలో జట్టుని ఎవరూ ఏమీ అడగలేదని కూడా తెలుస్తుంది.

మన దగ్గర బోర్డు గడిలో రాయడానికి తక్కువే దొరుకుతుంది. 2018 మార్చిలో మహ్మద్ షమీ మీద భార్య గృహహింస సహా పలు ఆరోపణలు చేశారు. ఆయన వాటిని ఖండించాడు. బీసీసీఐ వార్షిక కాంట్రాక్టు ఆపింది. తర్వాత విచారణ చేసింది అవినీతి నిరోధక విభాగం. అంటే చూసింది ఫిక్సింగ్ కోణం. ఆ విషయంలో ఏమీ లేదని తేలగానే బి గ్రేడ్ కాంట్రాక్టు ఇచ్చేశారు. ఆరోపణల నిజానిజాలు నేను చెప్పేవి కావు, అది కోర్టు పని. కానీ డబ్బు విషయం అడగడానికి బోర్డు దగ్గర మనిషి ఉన్నాడు, దెబ్బ విషయం అడగడానికి లేడు. మీరు వేయాల్సిన ప్రశ్న అదీ.

‘‘మరి తీర్పు వచ్చేదాకా ఏం చెయ్యమంటారు?’’ అని సంఘం కార్యదర్శి ఎదురడిగితే ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ సంగతి చెప్పండి. 2019 నుంచి అక్కడొక రూలుంది. 11 ఏళ్లు లేదా అంతకు మించి శిక్ష పడగల నేరం మోపితే ఆటగాడు దానంతటదే పక్కకి తప్పుకోవాలి. జీతం ఆగదు, ప్రాక్టీసు ఆగదు, మ్యాచ్ మాత్రం ఆడడు. తప్పు చేశాడనీ అనరు, చెయ్యలేదనీ అనరు. జాక్ డి బెలిన్ అనే ఆటగాడు దీన్ని కోర్టుకు లాగితే ఫెడరల్ కోర్టు రూలునే నిలబెట్టింది. అతని కేసులో రెండుసార్లు జ్యూరీ ఒక మాట మీదికి రాలేకపోయింది, 2021లో ప్రాసిక్యూషన్ కేసు వదులుకుంది. ఈలోపు రెండు సీజన్లు పూర్తిగా పోయాయి. ఇది చిన్న నష్టం కాదు, దాచకుండా చెప్పాలి. అయినా నాకు ఈ పద్ధతే నచ్చుతుంది. రూలు ముందే రాసి ఉంది, అందరికీ ఒకటే.

ముందు రాసి లేకపోతే ఏమవుతుందో రే రైస్ కేసులోనే ఉంది. అమెరికా ఫుట్‌బాల్ లీగ్ మొదట రెండు మ్యాచ్‌ల నిషేధంతో సరిపెట్టింది. జనం తిట్టాక ఆగస్టులో మొదటి తప్పుకి ఆరు మ్యాచ్‌లని కొత్త రూలు పెట్టింది. సెప్టెంబరు 8న లిఫ్టు లోపలి వీడియో బయటికి రాగానే ఆ రోజే నిరవధిక నిషేధం అంది. నవంబరులో మాజీ జడ్జి బార్బరా జోన్స్ దాన్ని కొట్టేశారు, ఒక్క తప్పుకి రెండుసార్లు శిక్షేమిటని. రైస్‌ని మళ్లీ ఏ జట్టూ తీసుకోలేదు, అది వేరే సంగతి.

నాలుగో గడి, ఉద్యోగం, మనవాళ్లు మర్చిపోయేది. కబడ్డీ, కుస్తీ, హాకీ ఆటగాళ్లలో చాలామంది స్పోర్ట్స్ కోటాలో రైల్వేలోనో పోలీసు శాఖలోనో ఉంటారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి 48 గంటలు మించి కస్టడీలో ఉంటే సస్పెండైనట్టే లెక్క. రైల్వేకీ అలాంటి రూలే ఉంది. ఢిల్లీ ఛత్రసాల్ స్టేడియంలో 2021 మేలో యువ రెజ్లర్ సాగర్ ధన్‌కడ్ మృతి కేసులో సుశీల్ కుమార్ అరెస్టయితే, రెండు ఒలింపిక్ పతకాలున్నా ఉత్తర రైల్వే వెంటనే సస్పెండ్ చేసింది. కేసు ఇంకా కోర్టులో ఉంది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు బెయిల్ రద్దు చేసిందంటే సాగర్ తండ్రి పట్టు వదలకుండా పిటిషన్ వేసినందుకే. కాబట్టి స్టేషన్‌కి ఫోన్ చేశాక ఆ శాఖ పీఆర్వోకి కూడా చెయ్యండి. చాలాసార్లు ఆ రోజు దొరికే ఒకే ఒక్క గట్టి జవాబు అక్కడే దొరుకుతుంది.

ఫొటో, స్కోరు

కప్పు ఫొటో వద్దు. పాస్‌పోర్టు సైజు ఫొటో చాలు. ఆమె ఫొటో అసలే వద్దు, పెళ్లి ఫొటో అంతకన్నా వద్దు. ‘12 సెంచరీలు చేసిన’ లాంటి విశేషణాలు కేసు వార్తలో ఎందుకు? బెయిల్ మీద వచ్చి మళ్లీ ఆడితే మాత్రం మ్యాచ్ రిపోర్టు చివర ఒక్క వాక్యం, ‘ఆయనపై ఫలానా కేసు విచారణలో ఉంది’ అని. అభిమానులు తిడతారు. నన్ను ఒకాయన మూడు నెలలు రోజూ రాత్రి ఫోన్ చేసి తిట్టాడు, పండగ రోజు కూడా మానలేదు.

తేదీలు వదలొద్దు

1988 డిసెంబరు 27న పటియాలాలో కారు పార్కింగ్ దగ్గర గొడవ. అప్పటికే భారత జట్టుకి ఆడుతున్న నవజ్యోత్ సింగ్ సిద్ధూ కొట్టాడన్న ఆ గొడవలో 65 ఏళ్ల గుర్నామ్ సింగ్ చనిపోయారు. 1999లో కింది కోర్టు నిర్దోషి అంది. 2006లో హైకోర్టు మూడేళ్లు వేసింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని వెయ్యి రూపాయల జరిమానాకి తగ్గించింది. కుటుంబం రివ్యూ పిటిషన్ వేసింది. 2022 మే 19న అదే సుప్రీంకోర్టు ఏడాది కఠిన జైలుశిక్ష వేసింది. బాక్సరో, కుస్తీ పట్టేవాడో, క్రికెటరో అయినవాడి చెయ్యే ఒక ఆయుధం కావచ్చని ఆ తీర్పులో ఉంది. మధ్యలో సిద్ధూ ఎన్ని టెస్టులు ఆడాడు, ఎన్ని టీవీ షోల్లో నవ్వాడు, ఎంపీ అయ్యాడు, మంత్రయ్యాడు. గుర్నామ్ సింగ్ ఇంట్లోవాళ్లు వాయిదా తేదీలు రాసుకుంటూ కూర్చున్నారు. మన డెస్కులు కాదు.

అందుకని పెన్సిల్ తేదీలు మర్చిపోవద్దు. మూడో రోజుకి వార్త చల్లారిపోతుంది, మీ రిపోర్టరు వేరే బీటుకి మారిపోతాడు. మారేటప్పుడు రిజిస్టరు తర్వాతివాడికి చేతికిచ్చి సంతకం పెట్టించుకోండి. నిర్దోషి అని తీర్పొస్తే ఆరోపణ ఏ పేజీలో ఎన్ని కాలమ్స్ వేశామో అదే పేజీలో అన్ని కాలమ్స్ వెయ్యాలి. ఇది చేయించడం మొత్తం పనిలోకెల్లా కష్టం. ఎడిటోరియల్ మీటింగ్‌లో నేను దీనికోసం గొంతు పెంచిన రోజులున్నాయి, గెలిచినవి మాత్రం రెండో మూడో.

రిటైరయ్యేటప్పుడు నా రిజిస్టరు డెస్కులో ఇచ్చి వచ్చాను. మొదటి పేజీ ఆ కప్పు ఫొటో ఆయనదే. ఫోన్ వచ్చిన రోజు సాయంత్రం మొదలుపెట్టాను. బోర్డు గడి ఖాళీ, జట్టు గడిలో ‘తర్వాత చెబుతాం’, ఉద్యోగం గడిలో సస్పెన్షన్ తేదీ, దాని కిందే ఎత్తేసిన తేదీ. కోర్టు గడిలో ఆఖరున ‘లోక్ అదాలత్‌లో రాజీ’ అని ఉంటుంది. దాన్ని ఆరు లైన్ల వార్తగా రాసి పంపాను కూడా. ఆ రాత్రి ఫైనల్ మ్యాచ్ ఉంది, పేజీలో చోటు లేదన్నారు.