నెవిల్ వంశవృక్షం గీసే ముందు జాగ్రత్తలు

నెవిల్‌లు ఇంగ్లండ్‌లోని పాత ప్రభు వంశం. ముందుగా, ఇంటిపేరును గుడ్డిగా నమ్మకండి. రేబీ ప్రభువు రాబర్ట్ ఫిట్జ్‌మాల్డ్రెడ్ ఇసబెల్ నెవిల్‌ను పెళ్లాడగా, కొడుకు జెఫ్రీ తల్లి ఇంటిపేరే పెట్టుకున్నాడు. తండ్రుల పేర్లే పట్టుకుపోతే దారి అక్కడే తెగిపోతుంది.

కోడళ్ల పుట్టింటి మేనర్లను (భూస్వాముల ఎస్టేట్లను) విడిగా రాసుకోండి. 1449లో రిచర్డ్ నెవిల్‌కు వారిక్ ఎర్ల్ హోదా దక్కింది భార్య ఆన్ బోషాంప్ వైపు నుంచే.

భూస్వామి మరణానంతరం జరిపిన విచారణల పత్రాలు అమూల్యమైనవి. అయితే వారసుడి వయసు ‘21 ఏళ్లు, ఆపైన’ అని ఉంటే మైనారిటీ తీరిందని మాత్రమే అర్థం. దాన్నిబట్టి పుట్టిన సంవత్సరం తేల్చేయకండి.

1752కు ముందు ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. పత్రంలో 1640 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో 1641.

హెరాల్డులు (వంశచిహ్నాలు, వంశావళులు నమోదు చేసే రాజోద్యోగులు) సేకరించిన వంశావళుల్లో తొలి తరాలను వేరే ఆధారం దొరికేదాకా పెన్సిల్‌తోనే రాయండి.