రంగు ఎటు పోతోందో చూడండి: 'రెయిన్‌బో డాన్స్' చూసే పద్ధతి

నేను విజయవాడలో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో కలర్ పని చూస్తాను. కథ లేని రంగుల సినిమా ఎలా చూడాలని ఎవరడిగినా ముందు 'రెయిన్‌బో డాన్స్' పెట్టమంటాను. న్యూజిలాండ్‌లో పుట్టిన లెన్ లై 1936లో లండన్‌లో, బ్రిటిష్ పోస్టాఫీసు వాళ్ల ఫిల్మ్ యూనిట్ కోసం తీశాడు. నాలుగైదు నిమిషాలే.

ముందు ఫోన్లో నైట్ లైట్ తీసెయ్యండి. అది ఉంటే తెరంతా పసుపుకు తిరిగి నీలం చచ్చిపోతుంది. టీవీలో అయితే రంగుల్ని అతిగా పెంచే వివిడ్ మోడ్ వద్దు, మోషన్ స్మూతింగ్ అసలే వద్దు. లేని ఫ్రేములు కల్పించి మధ్యలో ఇరికిస్తుంది. పాత సినిమా కాబట్టి తెరకు రెండు పక్కలా నల్లగా ఖాళీ ఉంటుంది. జూమ్ చేసి నింపారంటే కిందా పైనా తెగిపోతుంది. నాట్యంలో కాళ్లు పోయాక ఇంక చూసేదేముంది?

మొదటిసారి ఆపకుండా, పాట వింటూ చూడండి. వానలో గొడుగు పట్టుకున్న మనిషి, వాన వెలిశాక వీపుకు సంచి తగిలించుకుని బయల్దేరతాడు, టెన్నిస్ ఆడతాడు. ఎందుకని వెతక్కండి. చివర్లో పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకు ప్రకటన వస్తుంది, ఎందుకంటే ఈ ప్రయోగానికి డబ్బు పెట్టింది వాళ్లే.

రెండోసారి మనిషిని వదిలేసి అతని వెనక చూడండి. ఆడేది రూపర్ట్ డూన్, రష్యావాడు డయాగిలెఫ్ నడిపిన పేరున్న బాలే బృందంలో చేసినవాడు. అతను గెంతి ముందుకెళ్తాడు, అతని ఆకారం మాత్రం వేరే రంగుల్లో వెనకే నిలబడిపోతుంది. అలవాటు కొద్దీ కళ్లు ఒంటి వెంటే పరిగెడతాయి. పట్టి వెనక్కి లాగాలి.

ఇదెలా చేశాడో తెలిస్తే చూపే మారిపోతుంది. డూన్‌ని తీసింది నలుపు తెలుపుల్లోనే. దాన్నుంచి రంగుల ప్రింటు వేయడానికి వాడింది గాస్పర్‌కలర్, హంగరీ రసాయన శాస్త్రవేత్త బేలా గాస్పర్ కనిపెట్టిన పద్ధతి. ఫిల్ము మీద మూడు రంగుల పొరలుంటాయి, ఒక్కో పొరకూ ఒక్కో నలుపు తెలుపు నెగటివ్. అంటే ఏ ఆకారానికి ఏ రంగన్నది కెమెరా ముందు తేలేది కాదు, ప్రింటు వేసేవాడి చేతిలో ఉన్నది. మా ప్రెస్సులోనూ అంతే, ఒక్కో రంగుకూ ఒక్కో ప్లేటు. మజెంటా ప్లేటు వెంట్రుకవాసి జరిగిందా, శుభలేఖలో అక్షరాల అంచున ఎర్రటి నీడ పడుతుంది, ఆర్డరిచ్చిన పార్టీ కట్టలన్నీ తిప్పి పంపుతాడు. రిజిస్టర్, అంటే రంగులన్నీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడటం, కుదిరేదాకా మాకు నిద్రుండదు. లెన్ లై కావాలనే ఆ రంగుల్ని ఒకదాన్నుంచి ఒకటి విడదీశాడు. ఆ విడిపోయిన మేరే నాకు ఈ సినిమాలో అసలు నాట్యం.

తర్వాత కంప్యూటర్లో చూడండి. యూట్యూబ్‌లో పాజ్ చేసి ఫుల్‌స్టాప్ మీట నొక్కితే ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్ కదులుతుంది, కామా నొక్కితే వెనక్కి. టెన్నిస్ భాగం దగ్గర ఆపండి. చెయ్యి ఎక్కడుంది, దాని రంగు ఎక్కడుంది, ఒక రంగు మీద ఇంకోటి పడ్డచోట ఏమవుతోంది చూడండి. కాపీ వెలిసిపోయి ఉంటే దాంతో కుస్తీ పట్టకుండా మంచిది వెతుక్కోండి.

సౌండ్ తీసేసి ఒకసారి చూడటం కూడా మంచిదే. పాట లేకపోయినా తాళం ఆగని చోట్లు తెలుస్తాయి.

నచ్చితే, అంతకుముందు 1935లో లెన్ లై తీసిన 'ఏ కలర్ బాక్స్' చూడండి. కెమెరా లేకుండా నేరుగా ఫిల్ము మీదే రంగులు వేసిన సినిమా. పట్టుకోవడానికి మనిషి ఆకారం ఉండదు, అందుకే దాన్ని రెండోదిగా పెట్టుకోమంటాను.